సినిమా పింగాణీ బొమ్మలు: గ్లేజ్ ఉన్నవి కొనాలా, రంగు పూసినవి కొనాలా?

మహారాష్ట్రలోని మా బల్లార్‌పూర్‌లో పొద్దున తుడిచిన షోకేసు సాయంత్రానికి మళ్లీ నల్లబడుతుంది. చుట్టూ బొగ్గు గనులు, చంద్రపూర్ వైపు థర్మల్ ప్లాంటు. ఇలాంటి ఊళ్లో పాత బొమ్మలు పోగేసేవాడు మొదట చూడాల్సింది అందం సంగతి కాదు, తడిగుడ్డకు తట్టుకుంటుందా లేదా అని.

నేను పోగేసేవి అమెరికాలో జనం సరదాగా చేసుకున్న సినిమా బొమ్మలు. 1977లో స్టార్ వార్స్, 1982లో గ్రహాంతరవాసి కథ ఈ.టీ. వచ్చాక ఆ పాత్రల రూపాలు కప్పులై, హుండీలై చాలా ఇళ్లలో కూర్చున్నాయి. ప్లాస్టర్ అచ్చులో చిక్కటి మట్టినీళ్లు పోస్తారు. అచ్చు నీటిని పీల్చుకునేకొద్దీ గోడల వెంట మట్టి పేరుకుంటుంది. మిగిలింది వంచేస్తారు, అందుకే బొమ్మ లోపల గుల్ల. ఎండాక బట్టీలో వెయ్యి డిగ్రీలు దాటించి కాలుస్తారు. అక్కడి నుంచి దారులు రెండు: గ్లేజ్, అంటే కాలిస్తే గాజులా కరిగి అంటుకునే పూత, పూసి మళ్లీ కాల్చడం, లేదా యాక్రిలిక్ రంగులు వేసి ఊరుకోవడం.

నా దగ్గర రెండు ఈ.టీ.లున్నాయి, రెండూ మా బావమరిది సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చినవే. గ్లేజ్ వేసినది హుండీ. నిగనిగలాడుతుంది కానీ గ్లేజ్ కరిగి పారినప్పుడు కళ్ల గుంటలు నిండిపోయాయి. పాపం, నిద్రమత్తులో ఉన్నట్టుంటాడు. రంగు పూసినది వేరే లెక్క. మెడ మీద ముడతలు, వేళ్ల కణుపులు, కంటిపాపలో సన్న బ్రష్‌తో పెట్టిన తెల్లచుక్క. ఎవరో ఓపికగా రాత్రుళ్లు కూర్చుని వేసినట్టుంది. దాన్ని గూట్లో పెట్టగానే మా అమ్మ, "ఏందిరా, ఈ తాబేలు మొహపోణ్ని దేవుని పటం పక్కన వెట్టినవ్?" అంది.

అదే అమ్మ ఓ వానాకాలం దసరాకు ముందు ఇల్లు కడుగుతూ ఈ.టీ.లిద్దరికీ సబ్బునీళ్లతో స్నానం చేయించింది. హుండీ తళతళలాడింది. రెండోవాడి ముక్కు మీది రంగు పెచ్చుగా లేచి గుడ్డకు అంటుకొచ్చింది. కింద తెల్లటి కాల్చిన మట్టి బయటపడింది. ఆ మట్టికి తేమ పీల్చే గుణం ఎక్కువ. లోపలికి తేమ చేరితే పైరంగు పట్టు వదిలేస్తుంది.

మన జాతర బొమ్మల సంగతీ ఓ మాట. చంద్రపూర్ మహాకాళి జాతరలో మా నాన్న కొన్న కృష్ణుడు ఒకడున్నాడు. మొహం అచ్చం 1957 నాటి మాయాబజార్‌లో ఎన్టీఆర్‌దే. అమ్మినవాడు పింగాణీ అన్నాడట. కాదు, అది ప్లాస్టర్, బట్టీ మొహం చూసి ఎరగదు. గోటితో కొడితే పింగాణీ టంగుమంటుంది, ప్లాస్టర్ డబ్బుమంటుంది. అడుగున గీరితే తెల్లపొడి రాలుతుంది. మూడు వానాకాలాలకే పాదాలు పొడిపొడిగా రాలడం మొదలైంది. ప్రేమతో దాచుకోవాలే తప్ప దానికి డబ్బు ఎక్కువ పెట్టొద్దు.

అందుకని దుమ్ము, తేమ ఉన్న ఊళ్లో గ్లేజ్ ఉన్నదే కొనండి. బిగుతైన అద్దాల బీరువా ఉంటే మాత్రం రంగు పూసినదే నా ఓటు. దాన్ని మెత్తటి పొడి బ్రష్‌తో దులపాలి, అంతే. పాత గ్లేజ్ కప్పుల్లో టీ తాగాలని సరదా పడకండి, ఆ రోజుల గ్లేజుల్లో సీసం వాడేవారు.

కొనేముందు బొమ్మను తిరగేసి చూడండి. అచ్చుతో పాటే పడ్డ పేరు అచ్చు తయారుచేసిన కంపెనీది. పచ్చిమట్టి మీద పుల్లతో గీసిన పేరులోని పొడి అక్షరాలు, సంవత్సరం ఉంటేనే చేసినవాళ్ల చేతిరాత. అది ఉన్న బొమ్మకు నేను నాలుగు డబ్బులు ఎక్కువే ఇస్తాను.

ముక్కు పోయినవాడికి మళ్లీ రంగు వేయించమని బావమరిది అంటాడు. వేయించలేదు. కొత్త రంగు పడితే పాత చేతిపని విలువ పోతుంది. అమ్మ మాత్రం ఇప్పుడు వాణ్ని ముట్టుకోదు. దూరం నుంచే ఉఫ్‌మని ఊదుతుంది.