హాంకాంగ్‌లో వేసవి బస: అద్దె కన్నా ముందు గాలి చూడండి

ఆగస్టులో హాంకాంగ్ వెళ్లేవాళ్లు గది బుక్ చేసేటప్పుడు మెట్రో ఎంత దగ్గర, అద్దె ఎంత అనే చూస్తారు. నేనైతే ముందు గాలి సంగతి చూడమంటాను.

మేం మొదట దిగింది కౌలూన్ వైపున్న మాంగ్‌కాక్‌లో. మెట్రో పక్కనే, అర్ధరాత్రి దాకా తిండి దొరుకుతుంది, గెస్ట్‌హౌస్ వాళ్లు మర్యాదస్తులు. అయితే కిటికీ తెరిస్తే ఎదుటి బిల్డింగ్ ఏసీల వేడిగాలి ముఖాన కొడుతుంది. రాత్రి పదింటికి కిందికి దిగి గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంది. తల ఎత్తితే సన్నటి పట్టీలా ఆకాశం. పగలంతా కాంక్రీటు పీల్చుకున్న వేడి రాత్రికి ఆ ఆకాశంలోకే పోవాలి. ఇరుకు వీధుల్లో దానికి దారేది? ఎదుటి గోడకు తగిలి అక్కడక్కడే తిరుగుతుంది. దానికి తోడు ఒడ్డు వెంబడి వరసగా లేచిన టవర్లు సముద్రపు గాలిని ఆపేస్తాయి. 1998లో కై టాక్ విమానాశ్రయం మూతపడి భవనాల ఎత్తు మీద ఆంక్షలు సడలాక కౌలూన్‌లో ఇలాంటివి ఇంకా పెరిగాయి. 2003లో ఊపిరితిత్తుల అంటువ్యాధి సార్స్ వచ్చాక గాని గాలి ఆడటం మీద పట్టింపు రాలేదు. 2006 నుంచి పెద్ద ప్రభుత్వ ప్రాజెక్టులకు గాలి ప్రసరణ ఎలా ఉంటుందో ముందే అంచనా వేస్తున్నారు.

అలాగని ఎత్తు ఒక్కటే తప్పు కాదు. హాంకాంగ్ వ్యాపార కేంద్రమైన సెంట్రల్‌లో 1985 నాటి హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు భవనం చూడండి. కింది అంతస్తు మొత్తం ఖాళీగా వదిలేశారు. నీడకు నీడ, గాలికి గాలి. ఆదివారాలు ఇళ్లలో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు అక్కడే అట్టలు పరుచుకుని కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. నగరంలో నాకు బాగా నచ్చిన చోటు అదే.

తర్వాత చ్యుంగ్‌చౌ దీవికి మారాం. సెంట్రల్ నుంచి ఫెర్రీ, మామూలుదైతే గంట లోపే. కార్లు లేవు, ఇళ్లు చాలావరకు మూడంతస్తుల లోపే. రాత్రి కిటికీ తెరిచి, ఏసీ లేకుండా నిద్రపోయాం. వారాంతాల్లో మాత్రం జనం, అద్దెలూ ఎక్కువే. సీఫుడ్ తినేవాళ్లకు పండగ. శాకాహారులు మన తిండి కోసం కౌలూన్‌లోని చిమ్‌షాచూయ్‌లో భారతీయ హోటళ్లున్న చుంగ్‌కింగ్ మాన్షన్స్ భవనం దాకా రావాలి.

పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే దీవికే నా ఓటు. షాపింగ్ కోసం మాంగ్‌కాకే కావాలంటే, లోపలి సందు వైపు కాకుండా వెడల్పాటి నేథన్ రోడ్డు వైపు కిటికీ ఉన్న గది అడగండి. బస్సుల చప్పుడు ఉంటుంది, ఏసీల వేడి మాత్రం అంతగా కొట్టదు.