పొనికి చెక్క లూర్‌తో కొర్రమట్ట వేట: చాన్నాళ్లు వాడిన తర్వాత

పొనికి చెక్కతో ఇంట్లో చేసుకున్న ఈ పైనీటి లూర్‌ను, అంటే నీళ్ల మీద తేలే ఉత్తుత్తి ఎరను, నేను వదలకపోవడానికి కారణం ఒక్కటే, అది నీళ్ల మీద నిలబడే తీరు. లాగడం ఆపగానే తోక కిందికి దిగుతుంది, ముక్కు దాదాపు రెండు వేళ్ల మందం పైకి లేస్తుంది, ఉన్నచోటనే అటూ ఇటూ ఊగుతుంది. చిన్న అల తగిలినా ఆ ఊపు కాసేపటి దాకా ఆగదు. నేను గమనించినంతలో పెద్ద కొర్రమట్ట కొట్టేది లూర్ కదిలేటప్పుడు కాదు, ఇలా నిలబడ్డప్పుడే. అంగట్లో దొరికే పెన్సిల్ ఆకారపు గుల్ల ప్లాస్టిక్ లూర్లలో కొన్ని ఆపగానే బల్లపరుపుగా పడుకుంటాయి. లోపల గుండ్లు ఉన్నవైతే గలగలమంటాయి. ఎండాకాలం మొదట్లో చెరువు తేటబడ్డాక ఆ చప్పుడు మేలు కన్నా చెడుపే ఎక్కువ చేస్తుంది.

రాడ్డు, రీలు, దారం సంగతి వదిలేస్తున్నా. కప్ప ఆకారపు రబ్బరు లూర్ విసిరేవాళ్ల దగ్గర ఉన్న సామానే దీనికీ సరిపోతుంది.

ఈ ఆకారం మన చెరువుల్లో పుట్టింది కాదు. అమెరికాలో లార్జ్‌మౌత్ బాస్ అనే చేప కోసం చెక్కిన లూర్ల వంశం ఇది. హెడ్డన్ కంపెనీ చెక్కతో చేసిన జారాగోసా తర్వాత ప్లాస్టిక్‌లో జారా స్పూక్ అయింది. ఎడమకూ కుడికీ ముక్కు తిప్పుతూ నడిచే లూర్లన్నింటికీ అదే దారి. అయితే బాస్ లెక్కలన్నీ కొర్రమట్టకు పనికిరావు. బాస్ నోరు పెద్దది, పక్కల చర్మం పలచన, ముల్లు సులువుగా దిగుతుంది. కొర్రమట్ట నోరు ఎముక, లోపల పళ్లు. పైగా అది ఉండేది తుంగలో, తామరాకుల మధ్యన. అందుకే విదేశీ కొలతల్లో చేసిన లూర్‌కు ఇక్కడ గాలాలూ మార్చాలి, లోపలి కట్టుబడీ మార్చాలి.

చెక్క సంగతి. నిర్మల్ బొమ్మలు చేసే పొనికే దీనికి సరైనది. తేలిక, మెత్తన, పోగు సన్నం, చాకుతో ఎటు చెక్కినా పెచ్చులు లేవదు. వల బెండ్లకు వాడే బెండు ఇంకా తేలికే గానీ విసిరితే గాలిలో ఆగిపోతుంది, గాలం పట్టు అసలే ఉండదు. బూరుగు పరవాలేదు, కానీ దాని పోగు వదులు, తడి తగిలిన కొన్నాళ్లకే లోపల నల్లబడుతుంది. వేప, టేకు ఈ పనికి బరువు. తేలుతాయి గానీ ముక్కు లేపవు. పొనికి బొమ్మల కళాకారులకే కొరతగా ఉంది కాబట్టి అడవిలో చెట్టు జోలికి పోవద్దు. బొమ్మలు చేసేచోట మిగిలిన ముక్కలు అడిగితే చాలు, ఒక లూర్‌కు కావలసింది 11 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర మందం ఉన్న తునకే. ముక్క పచ్చిగా ఉంటే నీడలో పూర్తిగా ఎండే దాకా ముట్టుకోవద్దు.

చెక్కడం అయ్యేసరికి పొడవు 10 సెంటీమీటర్లు రావాలి. అన్నింటికన్నా లావైన చోటు ముక్కు నుంచి 6 సెంటీమీటర్ల దగ్గర, అక్కడ 2 సెంటీమీటర్ల మందం. అక్కడి నుంచి తోక సన్నబడుతూ ఒక సెంటీమీటరు దగ్గర ఆగాలి. లావు మధ్యలోకి జరిగితే లూర్ నడుస్తుంది గానీ నిలబడదు. ముక్కు నుంచి 7 సెంటీమీటర్ల దగ్గర, కడుపు వైపు నుంచి 6 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం చేసి సీసం పెట్టాలి. వలకు కట్టే సీసం గుండ్లనే సుత్తితో కొట్టి సరిపెట్టొచ్చు, కరిగించి ఆ పొగ పీల్చాల్సిన పని లేదు. మొత్తం 4 గ్రాములు. రంగు, గాలాలు అన్నీ కలిపి లూర్ 16, 17 గ్రాముల దగ్గర ఉండాలి.

రంధ్రం చేసి సీసాన్ని అంటించే ముందు బకెట్ పరీక్ష తప్పనిసరి. గాలాలు తగిలించాల్సిన చోట తగిలించి, సీసాన్ని రబ్బరు బ్యాండుతో కడుపుకు కట్టి నీళ్లలో వదలాలి. ఈ దశలో ముక్కు మూడు వేళ్లు పైకి ఉంటేనే, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు), రంగు పడ్డాక రెండు వేళ్లకు దిగుతుంది. ఇప్పుడే రెండు వేళ్లు ఉందంటే చివరికి లూర్ మునిగినట్టే తేలుతుంది. గుండును సగం సెంటీమీటరు వెనక్కి జరిపితే ముక్కు నిటారుగా లేస్తుంది గానీ నడక మొద్దుబారుతుంది. ముందుకు జరిపితే నడక చురుకు, నిలబడటం తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆపాలో బకెట్‌లోనే తేలాలి, చెరువు గట్టుకు పోయాక కాదు.

వాడేటప్పుడు రాడ్డు కొస కిందికి పెట్టి, దారం కొంచెం వదులు చేసి చిన్న చిన్న తట్లు తట్టాలి. తట్టిన ప్రతిసారీ వెంటనే దారం మళ్లీ వదులు కావాలి, బిగువుగా ఉంటే ముక్కు తిరగదు. బ్రెయిడ్‌కు (అల్లిన దారానికి) ముందు, లూర్ వైపు, ఒక జానెడు నైలాన్ దారం ముక్క (లీడర్) కట్టండి, బ్రెయిడ్ మెత్తన కాబట్టి ముందు గాలానికి చుట్టుకుంటుంది. ఫ్లోరోకార్బన్ మాత్రం వద్దు, అది మునిగే దారం, ముక్కును కిందికి లాగి ఈ లూర్‌కు ఉన్న ఒక్క గొప్పనూ చెడగొడుతుంది. కొర్రమట్ట గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. బుడగ కనిపిస్తే దాని నెత్తిన వేయకుండా ఒక మూర అవతల, కొంచెం పక్కకు వేసి నిలబెట్టాలి. చెక్క పడ్డప్పుడు వచ్చే శబ్దం మెత్తన, చేప బెదరదు. అలలు పోయే దాకా ఆగండి. ఆ ఆగడం దగ్గరే మిగతా లూర్లకూ దీనికీ తేడా తెలుస్తుంది.

ఇప్పుడు విరిగిన సంగతి. మొదట చేసినవాటికి ముక్కు, కడుపు, తోక మూడు చోట్లా దారం, గాలాలు తగిలించేది ఇత్తడి స్క్రూ కొక్కేలకే. ఇంటర్నెట్‌లో బాస్ లూర్లకు చూపించే పద్ధతి అదే, చిన్న చేపలకు ఎన్నాళ్లయినా తట్టుకుంది. రెండు కిలోలు దాటిన కొర్రమట్ట పడ్డప్పుడు కడుపు కొక్కెం స్క్రూతో సహా ఊడి వచ్చేసింది. జరిగింది ఇది: కడుపు గాలం చేప దవడలో ఉంది, తోక గాలం తుంగ కాడకు పట్టుకుంది, చేప ఒళ్లు తిప్పింది. దారం ముక్కును లాగుతోంది, తుంగ తోకను లాగుతోంది, చేప మధ్యలో పక్కకు మెలిపెడుతోంది. స్క్రూ మర నిలువు లాగుడుకు ఓర్చుకుంటుంది గానీ పక్క మెలికకు ఓర్చుకోదు, మెత్తటి చెక్కలో అసలే ఓర్చుకోదు. లూర్ తిరిగి వచ్చింది, చేప నోట్లో గాలంతో పోయింది. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ రెండోదే.

ఊడిన చోటును దగ్గరగా చూస్తే అసలు కారణం తెలిసింది. రంధ్రం చుట్టూ ఎపాక్సీకి వెంట్రుక మందం పగులు, అది పాతది, అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. గోటితో గీకితే లోపలి చెక్క తడిసిన రస్కులా రాలింది. మర పట్టిన గుర్తులు కూడా చెక్కలో మిగల్లేదు. విసిరిన ప్రతిసారీ గాలం తగిలించే స్ప్లిట్ రింగు కొక్కేన్ని తడుతుంది, కొక్కెం కనపడనంత కదులుతుంది, దాని చుట్టూ పూత చిట్లుతుంది. అక్కడి నుంచి నీళ్లు పోగు వెంట లోపలికి పాకుతాయి. చెక్క ఉబ్బి పగులు పెరుగుతుంది, ఎండకు ఆరి ముడుచుకున్నప్పుడు మర వదులవుతుంది. మళ్లీ తడి, మళ్లీ ఎండ. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల చెక్క సగం చచ్చిపోయి ఉంటుంది.

దీన్ని ముందే పట్టుకునే దారి ఉంది. కొత్తగా ఉన్నప్పుడు లూర్ బరువు తూచి రాసి పెట్టుకోండి, అప్పుడప్పుడు బాగా ఆరబెట్టి మళ్లీ తూచండి. ఒక గ్రాము పెరిగిందంటే లోపల నీళ్లున్నట్టే. తక్కెడ లేకపోతే బకెట్ చాలు, రెండు వేళ్లు నిలిచే ముక్కు ఒక వేలుకు దిగితే ఆ లూర్‌ను పెద్ద చేప మీదికి పంపొద్దు.

మరమ్మతు కాదు, కట్టుబడే మార్చాలి. కడుపు వైపు ముక్కు నుంచి తోక దాకా హ్యాక్సా బ్లేడుతో సగం లోతు చీల్చి, ఒక మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ తీగను ఒకే ముక్కగా అందులో పరచాలి. ముక్కు దగ్గర ఒక కన్ను, కడుపు దగ్గర ఒక కన్ను, తోక దగ్గర ఒక కన్ను, మూడూ అదే తీగ మెలికలు. చీలికను ఎపాక్సీలో పొనికి పొట్టు కలిపి నింపాలి. పొట్టు ఎక్కువైతే ముద్ద లోపలికి దిగక ఖాళీలు మిగులుతాయి, తేనె కన్నా కొంచెం చిక్కగా ఉంటే చాలు. ఇప్పుడు చెక్క రెండుగా పగిలినా చేప తీగ మీదే ఉంటుంది. పైపూత రెండు సార్లు వేయాలి, రెండింటి మధ్య సన్న గరుకు కాగితం. పూత గట్టిపడే దాకా లూర్‌ను తిప్పుతూ ఉండకపోతే అంతా కడుపు కిందికి జారి అక్కడే గడ్డ కడుతుంది, నిలబడటం మళ్లీ చెడుతుంది.

తీగ వేసిన తర్వాత చేపలు పోవడం ఆగింది. కానీ పైన పొగిడిన ఊపు పూర్తిగా అదే అని చెప్పలేను. తీగ బరువు, కడుపు పొడవునా నిండిన ఎపాక్సీ బరువు కలిసి లూర్ కిందికి దిగుతుంది. సీసాన్ని 4 గ్రాముల నుంచి 3కి తగ్గిస్తే ముక్కు మళ్లీ లేస్తుంది. అయినా స్క్రూ కొక్కేలతో చేసినదానికి ఉన్న ఆ చురుకు, అల తగలగానే కదిలిపోయే ఆ గుణం, కొంచెం మందగిస్తుంది. చేపకు ఆ తేడా పట్టినట్టు లేదు. నా కంటికి మాత్రం తెలుస్తుంది.

మన దిక్కు ఎండ ఇంకో శత్రువు. మే నెలలో 43, 44 డిగ్రీలు తాకినప్పుడు బండి డిక్కీలో పెట్టిన లూర్ మీద పూత బుడగలెక్కుతుంది. వేడికి మామూలు ఎపాక్సీ మెత్తబడుతుంది, చెక్కలోని గాలి, తడి వ్యాకోచించి దాన్ని పైకి నెడతాయి. నల్ల రంగు వేసినవి ముందు పోతాయి. ఆ బుడగ గిచ్చితే అక్కడి నుంచే నీళ్లు మొదలు. తడి లూర్‌ను మూత బిగించిన డబ్బాలో పెట్టి ఎండలో వదలడం అన్నింటికన్నా చెడ్డది. గాలాడే గుడ్డ సంచీలో, నీడన ఉంచితే చాలాకాలం వస్తుంది.

గాలాల విషయంలో నా మాట: మూడు ముళ్ల గాలాలు (ట్రెబుల్స్) కడుపుకూ వద్దు, తోకకూ వద్దు. కడుపుకు కప్ప లూర్లకు వాడే జంట గాలం, ముళ్లు పైకి, ఒంటికి ఆనుకునేలా. తోకకు బలమైన ఒంటి ముల్లు. తుంగకు తగలడం చాలా తగ్గుతుంది. సన్న తీగ ట్రెబుల్స్ కొర్రమట్ట దవడ మీద చక్కగా విచ్చుకుపోతాయి, వాటి మీద డబ్బులు పెట్టడం దండగ. గాలాలు మార్చిన తర్వాత బకెట్ పరీక్ష మళ్లీ చేయాలి, అర గ్రాము తేడాకే ముక్కు మాట మారుస్తుంది. చేప కొట్టిన చప్పుడు వినగానే రాడ్డు గుంజొద్దు, కొర్రమట్ట మొదటి దెబ్బ తరచూ గురి తప్పుతుంది. దారంలో బరువు తగిలాకే గుంజాలి. రబ్బరు కప్పకు ఆగినంతసేపు దీనికి ఆగొద్దు, ముళ్లు బయటే ఉన్నాయి, చెక్క గట్టిగా తగలగానే చేప ఉమ్మేస్తుంది.

కొనేవాళ్లకు, చేసుకునేవాళ్లకు నేను చెప్పేది మీ చెరువును బట్టే ఉంటుంది. నేను ఎక్కువగా వేసేది రాతి కట్ట ఉన్న, మధ్యలో నీటి మడుగులు తెరిచి ఉన్న చెరువుల్లో, యాసంగికి నీళ్లు వదిలి మట్టం తగ్గిన నెలల్లో. అక్కడ దీనికి మించింది నాకు దొరకలేదు. గుర్రపుడెక్క కమ్మిన చెరువైతే రబ్బరు కప్పే తీసుకోండి, ఈ లూర్ అక్కడ నిలబడటానికి జాగానే ఉండదు. వానలకు వాగు నీళ్లు చేరి చెరువు ఎర్రబడ్డప్పుడు కూడా దీన్ని పెట్టెలోనే ఉంచుతా, అప్పుడు చప్పుడు చేసే ప్లాస్టిక్‌దే పైచేయి. పని మీద చేయి తిరగనివాళ్లకు, సెలవు పూట మాత్రమే గట్టుకు పోయేవాళ్లకు ఇంత చెక్కుడు గిట్టుబాటు కాకపోవచ్చు. చెక్క ఖర్చు తక్కువే, మంచి గాలాలకూ రింగులకూ దానికన్నా ఎక్కువ అవుతుంది.

చెరువులు చాలావరకు మత్స్య సహకార సంఘాల చేతిలో ఉంటాయి, అడిగి వేయండి. పాఖాల చెరువు అభయారణ్యంలో ఉంది, అక్కడ అనుమతి లేకుండా గాలం తీయొద్దు. ఎర్రటి పిల్లల గుంపు నీళ్ల మీద కదులుతుంటే దాని కిందనే తల్లి, తండ్రి కాపలా ఉంటాయి. ఆ గుంపు మీద ఏ లూర్ వేసినా కొడతాయి, ఆకలికి కాదు, పిల్లల కోసం. తల్లిదండ్రులు పోతే ఆ పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి. అక్కడ లూర్ వేయకండి, ఇంకో మూలకు పోండి.