తాగనివాడు ఊదితే: ఇగ్నిషన్ ఇంటర్‌లాక్‌తో ఏడాది పైచిలుకు

మా ఇంట్లో ఈ యంత్రంలోకి ఊదినవాళ్లం ముగ్గురం. అందులో ఇద్దరం మందు ముట్టనివాళ్లం. ఇక్కడ అమెరికాలో మా తమ్ముడి మీద డీయూఐ కేసు, అంటే తాగి బండి నడిపిన కేసు పడింది. మళ్లీ స్టీరింగు పట్టాలంటే నడిపే కారుకి ఇగ్నిషన్ ఇంటర్‌లాక్, అంటే ఊదిన ఊపిరిలో ఆల్కహాల్ ఉంటే బండిని స్టార్టు కానివ్వని యంత్రం, ఉండి తీరాలని కోర్టు ఆదేశం. వాడికి సొంత కారు లేదు, మా ఇంటి రెండో కారే దిక్కు. దాన్ని ఎక్కువగా నడిపేదేమో నేనూ మా ఆవిడా. అలా శిక్ష వాడికి, ఊదుడు మాకు.

కంపెనీ పేరు రాయను, ఏ బ్రాండైనా పనిచేసే తీరు దాదాపు ఒకటే. కొత్త కార్లన్నిటిలో ఇలాంటిదే ప్రభుత్వం పెట్టిస్తుందట, డ్రైవరు స్వేచ్ఛ పోయినట్టేనట అని చర్చ మొదలైనప్పుడల్లా చూస్తున్నాను, ఇలాంటి యంత్రంతో రోజూ కాపురం చేసినవాడు మాత్రం నోరు విప్పడు. పరువు సమస్య కదా. కేసు నాది కాదు కనుక నేను విప్పుతున్నాను.

వస్తువు చూడటానికి చిన్నదే. ఫోనంత చేతి యంత్రం, దానికో మెలికల వైరు, డ్యాష్‌బోర్డు కింద ఒక పెట్టె, ముందద్దం పక్కన కెమెరా. లోపల ఉండేది ఫ్యూయల్ సెల్ సెన్సర్. ఊపిరిలో ఆల్కహాల్ ఉంటే అక్కడ ఆక్సీకరణ జరిగి కాస్త కరెంటు పుడుతుంది, ఆ కరెంటును బట్టి లెక్క కడుతుంది. చలికాలం పొద్దున్నే సెన్సర్ వేడెక్కే దాకా చేతులు నలుపుకుంటూ కూర్చోవాలి. తర్వాత ఊదాలి, ఊదుతూనే గొంతులో "మ్‌మ్" అని హమ్ చేయాలి. గాలి పంపుతో మోసం చేయకుండా ఆ ఏర్పాటు. మొదటి వారం నాకు తల తిరిగింది. మా ఆవిడకి కాస్త ఆయాసం ఉంది. ఊపిరి చాల్లేదని యంత్రం వెనక్కి కొడుతుంటే కళ్లనీళ్లు పెట్టుకుంది. అలవాటయ్యాక ఇద్దరికీ అదేమీ కష్టమనిపించలేదు.

అసలు చిక్కు గీత దగ్గరుంది. తాగి నడపడం అనే నేరానికి దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ గీత రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం, యూటాలో మాత్రం 0.05. ఇంటర్‌లాక్ గీత అంతకంటే బాగా కింద, సాధారణంగా 0.02 దగ్గర ఉంటుంది. తాగి దొరికినవాడిని కట్టడి చేయడానికి అది సబబే. కానీ అంత కింద గీత గీస్తే తాగనివాడి నోట్లో ఉన్నది కూడా దొరికిపోతుంది.

మా ఆవిడ ఆస్పత్రిలో పొద్దుటి షిఫ్టు చేస్తుంది. ఒకరోజు బయల్దేరేముందు మౌత్‌వాష్ పుక్కిలించి, నేరుగా కారెక్కి ఊదింది. ఫెయిల్. బండి కొన్ని నిమిషాలు లాకైంది. ఇంట్లోకి పరిగెత్తి మంచినీళ్లతో నోరు కడుక్కుని, గడువు అయ్యాక మళ్లీ ఊదింది. ఈసారి సున్నా, బండి కదిలింది. నోట్లో మిగిలిన ఆల్కహాల్ నిమిషాల్లో పోతుంది, రక్తంలోది గంటలు తీస్తుంది. కాబట్టి రెండోసారి సున్నా వచ్చిందంటే తాగలేదనే అర్థం. కానీ రికార్డులో మొదటి ఫెయిల్ ఫెయిలే, అదీ మా తమ్ముడి ఖాతాలో. పర్యవేక్షణ ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. ఊదేటప్పుడు కెమెరా తీసిన ఆ ఉదయం ఫోటోలు తెప్పించి చూస్తే, ఆస్పత్రి యూనిఫాంలో మా ఆవిడ మొహం స్పష్టంగా ఉంది. దాంతో కేసు మూసేశారు. మమ్మల్ని అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది ఆ కెమెరానే, చివరికి కాపాడిందీ అదే. ఇప్పటికీ దాని మీద నా అభిప్రాయం ఒక కొలిక్కి రాలేదు.

మౌత్‌వాష్ తర్వాత మా ఇంట్లో జాబితా పెరిగింది. శానిటైజర్ రాసుకున్న చేతులు ఆరేదాకా యంత్రం పట్టుకోకూడదు. దగ్గు మందు సీసా మీద ఏముందో చదవాలి. మా అత్తగారు హోమియో చుక్కల మందు ఇస్తే, అందులో ఆల్కహాల్ ఉంటుందని ఆవిడకి నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. "నేనిచ్చింది మందమ్మా, మందు కాదు" అని ఆవిడ అలిగారు.

ఇక రన్నింగ్ టెస్టు. బండి కదిలిన కొద్ది నిమిషాలకే ఒకసారి, ఆ తర్వాత ఎప్పుడు పడితే అప్పుడు మళ్లీ ఊదమంటుంది. అందుకు కొన్ని నిమిషాల గడువిస్తుంది. మా పిల్లల బడి ముందు కార్ల వరసలో ఇది కుయ్‌కుయ్‌మంటే పక్క కారులోవాళ్లు తల తిప్పి చూసేవారు. చెప్పొద్దూ, ఆ చూపుకి నాకూ ముడుచుకుపోయినట్టుండేది.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఉంది. ఈ టెస్టు ఫెయిలైనా, అసలు ఊదకపోయినా ఇంజన్ ఆగదు. హారన్ మోగుతుంది, లైట్లు కొట్టుకుంటాయి, రికార్డులో పడుతుంది, అంతే. కావాలనే అలా పెట్టారు. హైవే మీద 70 మైళ్ల వేగంలో ఇంజన్ ఆపేస్తే పవర్ స్టీరింగు పోతుంది, బ్రేకు పెడల్ గట్టిపడి తొక్కడం కష్టమవుతుంది, వెనకాల ట్రక్కు వస్తుంటుంది. తాగి దొరికి, కోర్టు శిక్ష వేసినవాడి కారుని కూడా నడుస్తుండగా ఆపకూడదన్నది ఇన్నేళ్ల అనుభవంతో తేల్చుకున్న పద్ధతి. బయల్దేరకముందు ఆపడం వేరు, దారిలో ఆపడం వేరు. చర్చల్లో ఈ రెండూ కలిపేసి కొట్టుకుంటున్నారు.

ఇప్పుడు కొత్త కార్ల చర్చకి మూలమైన చట్టం సంగతి. 2021 నవంబరు 15న బైడెన్ సంతకం చేసిన మౌలిక సదుపాయాల చట్టంలో సెక్షన్ 24220 ఉంది. కొత్త ప్యాసింజరు వాహనాల్లో తాగి నడపడాన్ని అడ్డుకునే ఏర్పాటు తప్పనిసరి చేయమని రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి అది చెబుతుంది. డ్రైవరు ఊదనక్కర్లేదు, ఏమీ చేయనక్కర్లేదు. నడిపే తీరునో, రక్తంలో ఆల్కహాల్‌నో, రెండిటినీనో కారే కనిపెట్టాలి. మత్తు ఉందని తేలితే బండి నడవడాన్ని ఆపాలి లేదా పరిమితం చేయాలి. నియమాలకు గడువు మూడేళ్లు. 2024 జనవరిలో అభిప్రాయాలు కోరుతూ ముందస్తు నోటీసు వచ్చింది, ఆ నవంబరులో గడువు మాత్రం తుది నియమం లేకుండానే దాటిపోయింది. అంతకుముందు 2023 నవంబరులో కెంటకీ ప్రతినిధి థామస్ మాసీ దీనికి నిధులు ఆపాలని తెచ్చిన సవరణ 201–229 ఓట్లతో వీగిపోయింది.

కారుని దూరం నుంచే ఆపే రిమోటు పోలీసుల చేతికి ఇస్తారని కొందరు భయపెడుతున్నారు, ఆ మాట ఆ సెక్షన్లో ఎక్కడా లేదు. ఆ భయం పెట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. అలాగని భయపడాల్సిందేమీ లేదనేవాళ్లతోనూ ఉంది. కదలకముందు ఆపాలా, కదిలాక కూడానా? పొరపాటు పడితే ఎవరిని అడగాలి? కారు పోగేసిన సమాచారం ఎవరి దగ్గరుంటుంది? ఈ మూడిటికీ ఆ సెక్షన్లో జవాబు లేదు. మా ఆవిడ కేసులో ఒక ఉత్తరం వచ్చింది, ఒక ఆఫీసు ఉంది, ఫోటో చూసి ఒప్పుకున్న మనిషి ఒకరున్నారు. నేరం చేసినవాడి యంత్రానికే ఇంత మొర వినే ఏర్పాటు ఉంది. ఏ నేరమూ చేయనివాడి కారుకి అది కూడా లేకపోతే, నా లెక్కలో స్వేచ్ఛ పోయేది అక్కడే. పొద్దున్నే ఓసారి ఊదినంత మాత్రాన నాకేమీ పోలేదు.

పొరపాట్ల లెక్క కూడా చిన్నదేమీ కాదు. వెయ్యికి ఒక్కసారి తప్పు పట్టే యంత్రాన్ని చాలామంది భేష్ అంటారు. కోటి ప్రయాణాల్లో అదే యంత్రం పదివేల మందిని ఇంటి ముందే నిలబెడుతుంది. ఈ దేశంలో ఒక్క రోజులో జరిగే ప్రయాణాలు ఆ కోటికి ఎన్నో రెట్లు. అందులో ఆస్పత్రికి పరిగెత్తేవాళ్లుంటారు, కార్చిచ్చు నుంచి పారిపోయేవాళ్లుంటారు.

ఇలాంటి చేదు అనుభవం ఈ దేశానికి కొత్త కాదు. 1974 మోడల్ కార్లలో సీటు బెల్టు పెట్టుకుంటేనే స్టార్టయ్యే ఇంటర్‌లాక్ వచ్చింది. పక్క సీట్లో సరుకుల సంచి పెడితే మనిషనుకుని మొరాయించేది. జనం మండిపడ్డారు, అదే ఏడాది అక్టోబరులో ఇక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ దాన్ని తప్పనిసరి చేయకూడదని చట్టం చేసి, బెల్టు గంట కూడా 8 సెకన్లకు మించి మోగాలని బలవంతపెట్టకూడదంది. బెల్టు మంచిదే. మొరటు యంత్రం వల్ల దానికి చెడ్డపేరొచ్చింది.

సమాచారం విషయంలో అనుమానానికి కారణం ఉంది. లొకేషను, బ్రేకు వేసే తీరులాంటి వివరాలు యజమానుల సరైన అనుమతి లేకుండా సేకరించి అమ్మిందని 2025 జనవరిలో జనరల్ మోటర్స్ మీద వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్యకు దిగింది. తాగిన సంగతి కారుకి తెలియడం నాకు సమ్మతమే. ఇన్సూరెన్సు కంపెనీకి తెలియడం సమ్మతం కాదు.

అవతలి పక్క కూడా చెప్పాలి. 2023లో ఈ దేశంలో తాగి నడిపిన ప్రమాదాల్లో సుమారు 12,400 మంది పోయారు. ఈ చట్టం వెనక ఉన్నది 2019 జనవరిలో కెంటకీలో ఎదురుదారిలో వచ్చిన తాగుబోతు డ్రైవరు గుద్ది ఐదుగురూ పోయిన మిషిగన్ కుటుంబం విషాదం. మా తమ్ముడి విషయంలో యంత్రం చేసిన మేలు నేను కళ్లారా చూశాను. పార్టీ నుంచి అర్ధరాత్రి ఫోన్ చేసి "అన్నయ్యా, ఊదితే రాదు, వచ్చి తీసుకెళ్లు" అన్న రాత్రులున్నాయి. యంత్రం లేకపోతే వాడు ఫోన్ చేసేవాడు కాదు. అందుకే ఐదుకి మూడున్నర ఇస్తాను. కోత పడిన ఒకటిన్నరలో ఒకటి మౌత్‌వాష్‌కి.

మీ ఇంట్లో ఎవరికైనా పెట్టించాల్సి వస్తే, ఖర్చు మాకు నెలకి వంద డాలర్లకు అటూ ఇటూగా పడింది, బిగింపు విడిగా. ఒకటీ రెండు నెలలకోసారి క్యాలిబ్రేషన్‌కి, అంటే యంత్రం కొలత సరిచూపించడానికి, తీసుకెళ్లాలి. సెంటరు శనివారం తెరిచి ఉంటుందా అని ముందే కనుక్కోండి, తేదీ దాటితే బండి స్టార్టవదు. మెకానిక్ దగ్గర వదిలేటప్పుడు ఎలా ఊదాలో అతనికి చూపించి, బ్యాటరీ తీసే పనుంటే ముందుగా కంపెనీకి ఫోన్ చేయండి, లేదంటే ట్యాంపరింగ్ అని, అంటే యంత్రాన్ని కెలికారని, రికార్డవుతుంది. మెకానిక్ ఇచ్చిన బిల్లు కాపీ దాచుకోండి. ఇంట్లో ఎవరు ఏ రోజు నడిపారో ఒక నోటుబుక్‌లో రాసి గ్లవ్‌బాక్స్‌లో పెట్టుకోండి. కారులో మంచినీళ్ల సీసా ఎప్పుడూ నిండుగా ఉంచుకోండి.