టార్చిలైటు స్విచ్‌లు: ఉద్దానంలో ఏళ్ల తరబడి వాడాక

మా కొబ్బరితోట కవిటి మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉంది. రాత్రిపూట మోటారు వేయడానికి వెళ్లాలంటే చేతిలో టార్చిలైటు ఉండవలసిందే. జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం కనుక అది నొక్కగానే వెలగాలి. ఇన్నేళ్లలో నా టార్చి మొరాయించిన ప్రతిసారీ తప్పు దాదాపుగా స్విచ్‌దే, బల్బుది కాదు.

ముందుకు జరిపే స్విచ్ ఉన్న రేకు టార్చిని చాలాకాలం నమ్మాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, పశువుల శాల వైపు వెళ్లబోతే, బొటనవేలితో అదిమి పట్టుకున్నంతసేపే అది వెలిగింది. తరువాత విప్పి చూస్తే లోపలి ఇత్తడి రేకు మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. మీట కదలడానికి వదిలిన సందులోంచి ఉప్పుగాలి నేరుగా లోపలికి పోతుంది. గరుకు కాగితంతో రుద్దితే బాగుపడేది గాని, మరుసటి వానలకు మళ్లీ అదే బాధ.

ఆ మరుసటి ఏడాది కొన్న టార్చికి బటన్ వెనుక మూతలో, రబ్బరు తొడుగు కింద ఉంటుంది. సగం నొక్కితే వెలిగి, వదిలితే ఆరుతుంది; పూర్తిగా నొక్కితే టక్కున నిలుస్తుంది. గట్టు మీద ఏదో కదిలినట్టు అనిపిస్తే ఒక్క క్షణం చూసుకోవడానికి ఆ సగం నొక్కుడు ఎంతో ఉపయోగం. మూడో ఏట రబ్బరు పగిలింది, కొత్తది వేశాను. ఒకసారి వెలుతురు మిణుకుమిణుకుమంటే స్విచ్ చెడిందనుకున్నాను; తీరా చూస్తే దాన్ని పట్టి ఉంచే రింగు వదులైంది, సన్నమూతి పటకారుతో బిగించగానే సరిపోయింది.

పక్కన మెత్తటి బటన్ ఉండే ఎలక్ట్రానిక్ రకాన్ని మా అబ్బాయి తెచ్చాడు. దాంట్లో బటన్ సంకేతం మాత్రమే ఇస్తుంది, అసలు కరెంటును లోపలి ట్రాన్సిస్టర్ నడుపుతుంది కనుక బటన్ మొనలు కాలిపోవు. అయితే ఆర్పి ఉంచినా సర్క్యూట్ కొద్దికొద్దిగా బ్యాటరీని తింటూనే ఉంటుంది. రెండుసార్లు సంచిలో దానంతటదే వెలిగింది కూడా. ఇప్పుడు వాడనప్పుడు వెనుక మూతను పావు చుట్టు వదులు చేసి పెడుతున్నాను. సర్క్యూట్ పోతే మాత్రం మా చుట్టుపక్కల బాగుచేసేవారు లేరు.

తలుపు పక్క మేకుకు నేను తగిలించుకున్నది వెనుక బటన్ టార్చినే. అలాంటిది కొనేవారు దుకాణంలోనే మూత విప్పించి, స్విచ్‌ను పట్టిన రింగు లోహానిదో ప్లాస్టిక్‌దో, విడి రబ్బరు తొడుగు దొరుకుతుందో లేదో చూసుకోవాలి.