వైర్‌గార్డా, ఓపెన్‌వీపీఎన్నా?

ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌కి డెబియన్ లినక్స్ ఎక్కించి సర్వర్‌గా వాడుతున్నాను. బయటి నుంచి దాన్లోకి నేరుగా రావడానికి దారి లేదు. మా నెట్ కనెక్షన్ వాళ్లు ఒకే పబ్లిక్ ఐపీని (బయటి నెట్‌కి కనిపించే చిరునామా) బోలెడు ఇళ్లకు పంచేస్తారు. అందుకని మధ్యలో ఒక చిన్న వీపీఎస్ (సొంత పబ్లిక్ ఐపీ ఉన్న ఆన్‌లైన్ సర్వర్) అద్దెకు తీసుకున్నా. ఇక ఈ రెండిటినీ కలిపే వీపీఎన్ (నెట్ మీదుగా వేసుకునే ప్రైవేటు దారి) ఏది, వైర్‌గార్డా, ఓపెన్‌వీపీఎన్నా?

మొదట ఓపెన్‌వీపీఎన్ పెట్టాను. 2001 నుంచి ఉన్నది, నమ్మకస్తురాలే. కానీ ప్రతి పరికరానికీ ఒక గుర్తింపు సర్టిఫికెట్ కావాలి, ఆ సంసారం పెద్దది. పోయిన ఫోన్ సర్టిఫికెట్‌ని రద్దు చేసి మర్చిపోయా. రద్దయినవాటి జాబితాకీ గడువుంటుందట, ఆ సర్టిఫికెట్లు తయారుచేసే ఈజీ-ఆర్‌ఎస్‌ఏలో మామూలుగా 180 రోజులు. అది తీరిన రోజు అన్ని పరికరాలూ ఒకేసారి బయటే నిలబడ్డాయి. తప్పు నాదే, అయినా టెన్షన్ టెన్షనే కదా!

వైర్‌గార్డ్‌లో ఆ గొడవే లేదు. 2020 మార్చిలో 5.6 కెర్నెల్‌తో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లినక్స్‌లోనే కలిసిపోయింది. ఇవతలి పబ్లిక్ కీ (పరికరాన్ని గుర్తుపట్టే అక్షరాల వరుస) అవతలి ఫైల్లో, అవతలిది ఇవతల పెడితే పని అయిపోయినట్టే. వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినా ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌కి కమాండ్లు ఇచ్చే కనెక్షన్) తెగదు. ప్యాకెట్ల పని కెర్నెల్లోనే జరుగుతుంది కాబట్టి ఒక్క కోర్ ఉన్న వీపీఎస్ కూడా ఆయాసపడదు.

దీని చిక్కల్లా మౌనం. కీలో ఒక్క అక్షరం తప్పినా ఎర్రర్ రాదు, ఏమీ రాదు. 'డబ్ల్యూజీ షో' కొట్టి 'లేటెస్ట్ హ్యాండ్‌షేక్' (రెండు వైపులూ చివరిసారి ఒకదాన్నొకటి గుర్తుపట్టిన సమయం) లైన్ కనబడిందా లేదా చూసుకోవాల్సిందే. ఇంటి వైపు ఫైల్లో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 (25 సెకన్లకోసారి ఖాళీ ప్యాకెట్ పంపమని) అని పెట్టకపోతే, కాసేపు ట్రాఫిక్ లేకుంటే వీపీఎస్ నుంచి ఇంటికి దారి మూసుకుపోతుంది. ఒకసారి ఫోన్ హాట్‌స్పాట్ మీద లాగిన్ అవుతోంది గానీ, పెద్ద ఫోల్డర్‌లో 'ఎల్‌ఎస్' (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొడితే స్క్రీన్ బిగుసుకుపోయేది. ఎంటీయూని (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1420 నుంచి 1280కి దించాక కదిలింది.

యాభై మంది ఉద్యోగులున్న ఆఫీసైతే నేను ఓపెన్‌వీపీఎన్నే పెడతాను. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, మానేసినవాళ్లని ఆపడం అన్నీ అందులో ఉన్నాయి. వైర్‌గార్డ్‌కి మనుషులు తెలియరు, కీలే తెలుసు.

నా ఇంటికి మాత్రం వైర్‌గార్డే. కాకపోతే అది యూడీపీ (ప్యాకెట్ చేరిందో లేదో చూసుకోని పద్ధతి) మీద తప్ప నడవదు. కొన్ని హోటళ్ల వైఫైలో యూడీపీ బంద్. అందుకే అదే వీపీఎస్‌లో ఓపెన్‌వీపీఎన్‌ని టీసీపీ (ప్యాకెట్ పోతే మళ్లీ పంపే పద్ధతి) 443 పోర్ట్ మీద, అంటే మామూలు వెబ్‌సైట్లు వాడే దారిలో, ఉంచాను. టీసీపీలో టీసీపీ కాబట్టి, ప్యాకెట్ పోతే రెండు పొరలూ మళ్లీ పంపబోయి నత్తనడక నడుస్తుంది. అర్ధరాత్రి ఒక సర్వీసు రీస్టార్ట్ చేసుకోడానికి ఆ మాత్రం చాలు.