కొండ గొరిల్లాలను కాపాడేది గస్తీయా, టూరిజమా?

1967లో రువాండాలో కరిసోకే పరిశోధన కేంద్రం పెట్టిన గొరిల్లా పరిశోధకురాలు డయాన్ ఫోసీ గస్తీనే, అంటే వేటగాళ్లను ఆపడానికి అడవిలో కాపలా తిరగడాన్నే నమ్మారు. 1979లో మొదలైన మౌంటెన్ గొరిల్లా ప్రాజెక్టు టూరిజాన్ని కూడా తెచ్చింది.

ఖర్చు: గస్తీకి విరాళాలు వెతుక్కోవాలి. టూరిజం డబ్బు తెస్తుంది. రువాండాలో ఇప్పుడు విదేశీయులకు గొరిల్లాలను చూసే పర్మిట్ 1,500 డాలర్లు.

శ్రమ: గస్తీలో జింకలకు పన్నిన ఉచ్చులు ఏరాలి, వాటిలో గొరిల్లాలూ చిక్కుకుంటాయి మరి. టూరిజంలో గొరిల్లాల గుంపును మనుషులకు అలవాటు చెయ్యాలి, ఏళ్లు పడుతుంది.

రిస్క్: గస్తీతో వేటగాళ్ల పగ. టూరిజంలో మన జలుబే వాటి ప్రాణం తియ్యొచ్చు. అందుకే గుంపు దగ్గరికి రోజుకు 8 మందే, గంటసేపే.

వేట ఎక్కువుంటే గస్తీ. శాంతి ఉండి, ఊళ్లకు ఆదాయం కావాలంటే టూరిజం. యుద్ధమో కోవిడో వస్తే టూరిస్టులు రారు, ఉచ్చులు మాత్రం ఆగవు. కాబట్టి నేనైతే గస్తీవాళ్ల జీతాలకు ముందే డబ్బు తీసి దాచిపెడతాను.