అనంతపురంలో పెళ్లి బట్టలకు వచ్చేవాళ్లు జాగ్రత్త: పార్కింగ్‌లో "మా కారు గీకినావు" అంటే అక్కడికక్కడే డబ్బులు ఇవ్వకండి

పోయిన ఆదివారం మాకు జరిగింది రాస్తున్నాను. శ్రావణమాసం కదా, చుట్టుపక్కల ఊళ్ల నుంచి అందరూ బట్టలకు, బంగారానికి టౌన్‌కే వస్తారు, అందుకే ఆలస్యం చేయకుండా చెప్తున్నాను.

మేముండేది గుత్తిలో. మరదలి పెళ్లికి పట్టుచీరలు ధర్మవరంలో తీసుకున్నాం, పెట్టుబడి బట్టలకని అనంతపురం వచ్చి సప్తగిరి సర్కిల్ వైపు ఒక పెద్ద బట్టల షాపుకు పోయాం. పక్కనే ఖాళీ స్థలంలో వాళ్ల పార్కింగ్. సాయంత్రం ఏడు గంటలకు సంచులన్నీ డిక్కీలో పెట్టి, మా అమ్మను ఎక్కించి, రివర్స్ తీసి రెండు గజాలు ముందుకు వచ్చానో లేదో ఒకాయన వచ్చి బానెట్ మీద గట్టిగా కొట్టాడు. "ఏమన్నా, డోర్ గీకేసి చూడకుండా పోతాండావే?"

నాకు ఏమీ తగిలినట్టు తెలియలేదు. దిగి చూస్తే తెల్ల కారు, వెనక డోర్ మీద జానెడు గీత. అప్పటికే ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. పార్కింగ్ చూసే అతను కూడా "నేను చూసినా సార్, మీ బండే తగిలింది" అన్నాడు. అతను ఆ మాట అనేసరికి నాకే అనుమానం వచ్చింది, నిజంగానే తగిలించానేమోనని. షోరూమ్‌లో ఎనిమిది వేలు అవుతుంది, నీకోసమని ఐదు చాలు అన్నారు. ఇన్సూరెన్స్ ఉంది కదా అంటే "అవన్నీ తిరగడానికి మాకు టైమ్ లేదు" అన్నారు. ఒకడైతే కిటికీలోంచి చెయ్యి పెట్టి నా తాళం తీసేసుకున్నాడు. లోపల మా అమ్మ భయంతో వణికిపోతోంది, మా ఆవిడేమో "ఇచ్చేసి పోదాం పదండి, చీకటి పడింది" అంటోంది. చివరికి 3,500 ఫోన్‌పే చేశాను. స్క్రీన్ మీద వచ్చింది ఎవరో ఆడమనిషి పేరు. ఆ టెన్షన్‌లో కూడా ఒక్క పని చేశాను, గీతను దగ్గర నుంచి ఒక ఫోటో తీసుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆ ఫోటో పెద్దది చేసి చూస్తే కడుపు మండిపోయింది. గీత మధ్యలో రంగు పోయిన చోట ఎర్రగా తుప్పు పట్టి ఉంది. అప్పుడే గీసుకున్న గీతలో మెరిసే రేకో, లోపలి ప్రైమరో కనిపించాలి గానీ తుప్పు ఎట్లా వస్తుంది? దానికి రోజులు పట్టాలి. అంచుల్లో దుమ్ము కూడా గట్టిగా పేరుకుని ఉంది. పొద్దున్నే లేచి నా బంపర్ ఎత్తు చూసుకున్నాను, మోకాలి దగ్గరికి వస్తుంది. ఆయన డోర్ మీద గీత ఉన్నది హ్యాండిల్‌కు కొంచెం కింద, అంటే నా నడుము ఎత్తులో. నా బంపర్ మీద తెల్ల రంగు మరక ఒక్కటీ లేదు. ఇవన్నీ అక్కడే చూసి ఉండాల్సింది. మనుషులు చుట్టూ చేరి అరుస్తుంటే బుర్ర పనిచేయదు, వాళ్లకు కావాల్సింది కూడా అదే.

మరుసటి రోజు మళ్లీ పోయి షాపు వాళ్లను సీసీ కెమెరా అడిగితే, కెమెరా గేటు దగ్గర మాత్రమే ఉంది, లోపల మా బాధ్యత కాదు అన్నారు. టోకెన్ వెనక కూడా అదే రాసి ఉంది. వేల రూపాయల బట్టలు కొన్న మనిషికి కనీసం కూర్చోమని కూడా చెప్పలేదు. ఇంక ఆ షాపు గడప తొక్కను.

తర్వాత ఇన్సూరెన్స్ ఏజెంటును, తెలిసిన లాయర్ గారిని అడిగి తెలుసుకున్నవి మీకు పనికొస్తాయి. మన దగ్గర ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, మామూలు ప్రైవేట్ కారు పాలసీలో అవతలి వాళ్ల ఆస్తికి జరిగిన నష్టానికి 7.5 లక్షల వరకు కవర్ ఉంటుంది. కాబట్టి "ఇన్సూరెన్స్ వద్దు, క్యాష్ ఇవ్వు" అని ఎవరైనా మరీ తొందరపెడితే అక్కడే ఆగండి. బండి వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో వాళ్ల కారు నంబర్ కొడితే ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. మన తాళం గానీ, లైసెన్స్ గానీ లాక్కునే హక్కు దారిన పోయేవాళ్లకు లేదు. భయపెట్టి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308 సెక్షన్ కింద నేరం. 112కి ఫోన్ చేస్తానని గట్టిగా చెప్పి, నిజంగానే చేయండి. పోలీసులు వచ్చేదాకా బండి కదపకుండా రెండు కార్లూ కనిపించేలా, నంబర్ ప్లేట్లు పడేలా, గీత ఎత్తు తెలిసేలా పక్కన మనిషిని నిలబెట్టి వీడియో తీసుకోండి. తప్పు ఒప్పుకుంటున్నట్టు ఒక్క మాట కూడా అనొద్దు. నేను "సారీ అన్నా, చూసుకోలేదు" అన్నాను, ఆ మాట పట్టుకునే రేటు పెంచారు.

అయితే ఒకటి, నిజంగా మన బండే తగిలితే మాత్రం పారిపోకండి. మోటారు వాహనాల చట్టం 134 సెక్షన్ మనుషులకు దెబ్బ తగిలినప్పుడే కాదు, అవతలివాళ్ల ఆస్తి దెబ్బతిన్నా వర్తిస్తుంది, పోలీసులు అడిగితే వివరాలు ఇవ్వాలి, మన ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పాలి. ఆ కారు మనిషి లేకపోతే వైపర్ కింద మన ఫోన్ నంబర్ చీటీ పెట్టి రండి. చిన్న గీతకు మాట్లాడుకుని డబ్బు ఇవ్వడం తప్పేమీ కాదు, కానీ మెకానిక్‌కు చూపించి, బిల్లు చూసి, రాయించుకుని ఇవ్వండి.

బుధవారం స్టేషన్‌కు పోయి ఫోటో, ఫోన్‌పే రసీదు, కారు నంబర్ పెట్టి ఫిర్యాదు రాసి ఇచ్చాను, తీసుకున్నారు. బయటికి వస్తుంటే ఇంకో పెద్దాయన వచ్చాడు, ఆయనదీ అదే పార్కింగ్, ఆయన నాలుగు వేలు ఇచ్చాడంట. కారు ఏ రంగు అని అడిగితే తెల్లది అన్నాడు. ఆయన్ని కూడా లోపలికి తీసుకెళ్లి రాయించాను.